కొల్లేటి కష్టాల్లో వేడెక్కిన భూమి వాటా ఎంత?

సుమారు 6 వేల ఏళ్ల కిందట సముద్రం కొల్లేటి దాకా ఉండేది. ఇది పుక్కిటి పురాణం కాదు. డెల్టాలో లోతుగా తవ్వి తీసిన మట్టి పొరలు, తీరానికి సమాంతరంగా పడివున్న పాత ఇసుక దిబ్బలు చూసి భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చిన సంగతి. ఇవాళ తీరం అక్కణ్ణుంచి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది.

దెందులూరు, ఏలూరు వైపు వాతావరణ మార్పు మాట ఎత్తితే ఎదురయ్యే ప్రశ్నకు ఇంతకన్నా గట్టి ఆధారం దొరకదు. అప్పుడు బొగ్గు కాల్చిందెవరు, లారీలు నడిపిందెవరు? వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా, ఇప్పుడు మాత్రం నెపం మనిషి మీద ఎందుకు వెయ్యాలి? ప్రశ్న న్యాయమైనదే. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో ధోరణి ఉంది. వాన ఎక్కువైనా, చేప చచ్చినా, నీరు ఉప్పబారినా అన్నిటికీ వాతావరణ మార్పే కారణమని ఒక్క మాటలో తేల్చేయడం. అధికారులకు, నాయకులకు ఈ రెండో ధోరణి మహా సౌకర్యం. తప్పు భూగోళం మీదికి పోతే స్థానికంగా జవాబు చెప్పేవాడు ఎవడూ ఉండడు. ఈ రెండు వాదాలనూ కొల్లేటి ఒడ్డున పెట్టి, దొరికిన ఆధారాలతో తూచి చూడటం ఈ వ్యాసం పని.

ముందు సముద్రం సంగతి. 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరిన రోజుల్లో, సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. భూమి కక్ష్యలోనూ ఇరుసు వంపులోనూ వేల ఏళ్ల మీద వచ్చే మార్పులు మంచు కరగడానికి నాంది పలికాయి. సముద్రం పైకి వచ్చింది. దాదాపు 7 వేల ఏళ్ల కిందటికి ఆ రాక బాగా నెమ్మదించింది. ఆ తరవాత సముద్రం కొల్లేటి నుంచి వెనక్కి పోయిందనుకుంటాం గాని, నిజానికి ముందుకు జరిగింది నేల. ఒక పక్క గోదావరి, ఒక పక్క కృష్ణ ఒండ్రు తెచ్చి పోయగా, రెండు డెల్టాల నడుమ పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. సముద్రం రావడానికి ఒక కారణం, దూరం కావడానికి మరో కారణం. దేనికది విడిగా గుర్తించగలిగారు. కాబట్టి "ఎప్పుడూ మారుతూనే ఉంది" అన్నది నిజమే అయినా ఇప్పటి మార్పుకు అది కారణం చూపదు. పైగా ఒక్క కక్ష్య లెక్కనే నమ్ముకుంటే భూమి ఇప్పుడు బహు మెల్లగా చల్లబడుతూ ఉండాలి.

చల్లబడటం లేదు. ఎందుకన్నదానికి జవాబు ఈ మధ్య పుట్టింది కాదు. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని జాన్ టిండాల్ 1859లోనే ప్రయోగశాలలో కొలిచి చూశాడు. ఆ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ 1896లో చేత్తో లెక్క కట్టాడు. గాలిలో అది పెరుగుతోందా లేదా అన్నది తేలడానికి మరో 60 ఏళ్లు పట్టింది. 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలి 10 లక్షల పాళ్లలో 315 పాళ్లు కార్బన్ డయాక్సైడ్. 2024 సగటు సుమారు 424. ధ్రువ ప్రాంతపు మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగలను బట్టి, యంత్రాల యుగానికి ముందు అది 280 దగ్గర ఉండేది.

పెరిగిందన్నంత మాత్రాన పెంచింది మనిషేనని ఎలా అంటాం? అగ్నిపర్వతాలు లేవా, సముద్రం లేదా? అసలు పరీక్ష ఇక్కడే ఉంది. కార్బన్‌లో బరువు తేడా ఉన్న రకాలున్నాయి. మొక్కలు తేలిక రకాన్ని, అంటే కార్బన్-12ను, ఎక్కువగా తీసుకుంటాయి. కొంచెం బరువైన కార్బన్-13 వాటిలో తక్కువ. గాలిలో కార్బన్-13 పాలు ఏటేటా తగ్గుతోంది. అంటే కొత్తగా కలుస్తున్నది ఒకప్పుడు మొక్కగా ఉన్న కార్బన్. అడవి తగలబెట్టినా ఇదే గుర్తు కనబడుతుంది కాబట్టి ఇది ఒక్కటే చాలదు. రెండో సాక్ష్యం కార్బన్-14. అది కాలంతో నశిస్తుంది. కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉన్న బొగ్గులో, చమురులో అది బొత్తిగా ఉండదు. గాలిలోని కార్బన్-14ను పాత కార్బన్ పలుచన చేస్తోందని హాన్స్ సూయెస్ 1950లలో చెట్ల వలయాలు పరీక్షించి చూపాడు. మూడోది ఆక్సిజన్. దేన్ని కాల్చినా ఆక్సిజన్ ఖర్చవుతుంది. అగ్నిపర్వతం నుంచో సముద్రం నుంచో వాయువు వస్తే అలా ఖర్చు కాదు. కీలింగ్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ మొదలుపెట్టిన కొలతల్లో గాలిలోని ఆక్సిజన్ కాస్త కాస్తగా తగ్గుతూ వస్తోంది. మూడు సాక్ష్యాలూ కలిస్తే మిగిలేది ఒకే వనరు, మనం తవ్వి తీసి కాల్చే ఇంధనం. అగ్నిపర్వతాలు ఏటా వదిలేది మనిషి వదిలేదానిలో 1 శాతం కూడా ఉండదు.

సూర్యుడి వాదన దీనికన్నా త్వరగా తేలిపోతుంది. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యశక్తిని కొలుస్తున్నాయి. 11 ఏళ్ల ఆటుపోటు కనబడుతోంది గాని పెరుగుదల లేదు. సూర్యుడే కారణమైతే వాతావరణం అడుగు నుంచి పై పొర దాకా వేడెక్కాలి. నిజానికి కింది పొర వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడింది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇలాగే జరగాలని సుకురో మనాబె, రిచర్డ్ వెదరాల్డ్ 1967లో లెక్క వేసి చెప్పారు. కొలతలు ఆ తరవాత వచ్చాయి. చూశాక చెప్పినదానికీ చూడకముందే చెప్పినదానికీ శాస్త్రంలో చాలా తేడా ఉంది.

ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2021 నివేదిక ప్రకారం, 1850-1900 నాటితో పోలిస్తే 2010-2019 దశాబ్దానికి మనిషి వల్ల పెరిగిన వేడి 1.07 డిగ్రీలు. అంచనా 0.8 నుంచి 1.3 మధ్య. సూర్యుడు, అగ్నిపర్వతాల వంటి సహజ కారణాల వాటా మైనస్ 0.1కీ ప్లస్ 0.1కీ మధ్య, అంటే దాదాపు సున్నా. అనుమానాలు మిగిలే ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే వేడి 2.5 డిగ్రీలు పెరుగుతుందా, 4 పెరుగుతుందా అన్నది ఇంకా తేలలేదు. మేఘాల ప్రవర్తన లెక్కకు లొంగడం లేదు. కాని ఆ తగాదా ఎంత అన్నదాని మీదే. అవునా కాదా అన్న దశ ఎప్పుడో దాటిపోయింది.

ప్రపంచం సంగతి ఇలా తేలిక. ఊరి దగ్గరకు వచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి.

మన భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన అంచనా నివేదిక 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని చెప్పింది. ప్రపంచంలోని నేల భాగం సగటు కన్నా ఇది తక్కువ. ఎందుకు తక్కువ? గాలిలోని పొగ, దుమ్ము ఎండను కొంత వెనక్కి తిప్పి కొడుతున్నాయి. సాగునీరు ఆవిరవుతూ పగటి వేడిని కొంత లాగేస్తోంది. రాజస్థాన్‌లోని ఫలోడీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైనప్పుడు అంతా భూతాపమే అన్నారు. అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఒకటి రికార్డులన్నీ తిరగేసి, అక్కడి గరిష్ఠ ఉష్ణోగ్రతల్లో స్పష్టమైన పెరుగుదల కనబడటం లేదని 2018లో రాసింది. పొగ, సాగునీరు కలిసి దాన్ని కప్పిపెట్టి ఉండవచ్చని కూడా రాసింది. ఈ రంగం మీద నాకు నమ్మకం కలిగించింది ఇలాంటి పత్రాలే. అనుకూలంగా రాని ఫలితాన్ని దాచిపెట్టలేదు.

ఆ పత్రంలో డెల్టావాళ్లు పట్టించుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. సాగునీరు ఎండను తగ్గించినా ఉక్కను పెంచుతుంది. ఒంటికి పట్టిన చెమట ఆరకపోతే 40 డిగ్రీలు కూడా ప్రాణాంతకమే. 2015 మే ఆఖరులో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాడ్పులకు సుమారు 2 వేల మంది చనిపోయారు. ఢిల్లీ ఐఐటీకి చెందిన కృష్ణా అచ్యుతరావు సభ్యుడిగా ఉన్న బృందం హైదరాబాద్ రికార్డులను తీసుకుని, వేడిని తేమతో కలిపి కొలిస్తే అలాంటి ఘటన వచ్చే అవకాశాన్ని మనిషి తెచ్చిన వాతావరణ మార్పు పెంచిందని తేల్చింది. 2023 ఏప్రిల్‌లో భారత్, బంగ్లాదేశ్‌లను పట్టిన ఉక్కబోతకు అవకాశం కనీసం 30 రెట్లు పెరిగిందని మరో అంతర్జాతీయ బృందం లెక్క కట్టింది. వరి, చేపల చెరువులు, కాలువలు కలిసి ఎప్పుడూ తడిగా ఉండే ఏలూరు-కైకలూరు పల్లంలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతను మాత్రమే చూసి "మాకేం పెరగలేదు" అనుకోవడం ప్రమాదం. రోహిణి కార్తెలో పనికి పోయే కూలీకి లెక్క థర్మామీటరుది కాదు, చెమటది.

తుపానుల విషయంలో సాక్ష్యం చాలామంది అనుకుంటున్నదానికి ఎదురు తిరుగుతుంది. 1951 నుంచి 2018 దాకా చూస్తే ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపానుల సంఖ్య తగ్గిందని అదే 2020 నివేదిక చెప్పింది. 2000 తరవాత మాత్రం, వానాకాలం ముగిసిన నెలల్లో, అతి తీవ్రమైనవి పెరిగాయి. హిందూ మహాసముద్రపు ఉష్ణమండల జలాల ఉపరితలం 1951-2015 మధ్య సుమారు 1 డిగ్రీ వేడెక్కింది కాబట్టి తీవ్రత పెరగడం భౌతికశాస్త్రానికి పొసగుతుంది. కాని రెండు దశాబ్దాల లెక్క మీద గట్టిగా ప్రమాణం చేయలేం. 1864లో బందరును ముంచినదీ, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టినదీ, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరిని నేలకూల్చినదీ ఈ వేడి ఇంత పెరగకముందు వచ్చినవే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్‌నైనా, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం వైపు తీరం చేరిన మొంథానైనా ఒక్కొక్కదాన్నీ విడిగా పట్టుకుని "ఇది భూతాపం తెచ్చింది" అనకూడదు. అనదగిన మాట ఇది: వెచ్చని సముద్రం మీద నడిచే తుపానుకు నీరు ఎక్కువ దొరుకుతుంది. డిగ్రీకి సుమారు 7 శాతం చొప్పున గాలి మోయగల తేమ పెరుగుతుంది. సార్వా పంట కోతల మీద ఉన్నప్పుడు, కోసిన ధాన్యం రోడ్డు పక్కన ఆరబోసి ఉన్నప్పుడు ఆ అదనపు వాన పడితే నష్టం 7 శాతంతో ఆగదు.

2024 సెప్టెంబరు 1 నాటి బుడమేరు వరద ఈ తూకానికి మంచి పరీక్ష. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలుస్తుంది. దాని వరదను వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించి కృష్ణలో కలపడానికి డైవర్షన్ కాలువ ఉంది. ఆ రోజుల్లో కృష్ణకే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదు. నిండిన కృష్ణ మరో నీటిని తీసుకోలేదు. డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామాలను చుట్టుముట్టింది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950-2015 మధ్య 3 రెట్లు పెరిగాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపింది. కాబట్టి బుడమేరు వరద తెచ్చిన వానలో భూతాపానికి వాటా ఉండే అవకాశం గట్టిదే. కట్ట తెగడంలో, ఏరు దారిలో ఇళ్లు లేవడంలో, నీరు దిగే తోవ ఇరుకు కావడంలో మాత్రం దానికి వాటా లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగునీటి పారుదల బాగోలేదని 1960లలోనే మిత్రా కమిటీ రాసింది. వాతావరణ మార్పు అన్న మాట పత్రికల్లోకి రాకముందు సంగతి అది.

ఇక కొల్లేరు. ఇక్కడ సాక్ష్యం ఎక్కువ, సందేహం తక్కువ. 1960లలో గీసిన సర్వే పటాల్లో సరస్సు లోపల చేపల చెరువులు లేవు. 1970ల చివర్లో ప్రభుత్వమే సహకార సంఘాలకు చెరువులు ఇచ్చింది. ఆ తరవాత పెట్టుబడి వచ్చింది, కట్టలు లేచాయి. 2001 నాటి ఉపగ్రహ చిత్రాల మీద జరిపిన అధ్యయనం సరస్సులో సుమారు 42 శాతాన్ని చేపల చెరువులే ఆక్రమించాయని చూపింది. 1999లో 5 అడుగుల కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో కట్టలు పేల్చేశారు. కొన్నేళ్లకు చాలాచోట్ల మళ్లీ లేచాయి. వీటిలో దేనికీ కార్బన్ డయాక్సైడ్‌తో పని లేదు.

చేపల సంగతి ఒక చిన్న లెక్కతో చూద్దాం. నీరు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. తెల్లవారుజామున చేప పైకి తేలి నోరు తెరిస్తే రైతు ఏరియేటర్ వైపు పరుగెత్తేది ఈ ఆక్సిజన్ కోసమే. 30 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు కరుగుతుంది. 31 డిగ్రీలైతే తగ్గేది 0.13 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం లోపు. పచ్చగా నాచు పట్టి, మేత ఎక్కువై, బొచ్చె, శీలావతి కిక్కిరిసిన చెరువులో మబ్బు పట్టిన ఒక్క రాత్రి 3, 4 మిల్లీగ్రాములు పోవచ్చు. ఒక డిగ్రీ భూతాపం అంచున ఉన్న చెరువును అవతలికి తోయగలదు. అంచు దాకా తీసుకొచ్చింది మాత్రం మేత, పిల్లల సాంద్రత, ఎరువు.

ఉప్పుటేరు దగ్గర తూకం కొంచెం మారుతుంది. కొల్లేటి నీరు సముద్రానికి పోవడానికి ఉన్న తోవ అదొక్కటే, పొడవు సుమారు 60 కిలోమీటర్లు. సరస్సు మట్టం 5 అడుగులు, అంటే మీటరున్నర అనుకుంటే కిలోమీటరుకు వాలు రెండున్నర సెంటీమీటర్లు. నీరు కదలడమే కష్టం. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993-2017 మధ్య సముద్రమట్టం ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఆ పాతికేళ్లలో మొత్తం 8 సెంటీమీటర్లు. ఉన్న మీటరున్నర వాలులో అది ఇరవయ్యో వంతు. ఇది ముతక లెక్కే. ఆటుపోటు, గాలివాటం ఇందులో లేవు. అయినా ఇరవయ్యో వంతు చిన్నది కాదు, ఏటా పెరిగేది కూడా. వేసవిలో పైనుంచి మంచినీరు రాక తగ్గినప్పుడు ఉప్పునీరు ఎగువకు ఎక్కడానికి అది తోడవుతుంది. పూడిక, గుర్రపుడెక్క, ఆక్రమణలు, ఎగువ నుంచి నీటి రాక తగ్గడం ఇప్పటికీ పెద్ద కారణాలే. ఈ ఒక్కచోట మాత్రం భూతాపం వాటా మనవరాళ్ల కాలానికి మొదటి స్థానానికి రావచ్చు.

తీరంలోనూ ఇదే చిక్కు. కెరటం ఊరి మీదికి వస్తే సముద్రం పెరిగిందంటాం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం లెక్కల ప్రకారం గోదావరి తెచ్చే ఒండ్రు 1970లలో ఏటా 15 కోట్ల టన్నులు ఉండగా 2000-2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ నుంచి వచ్చేది దాదాపు ఆగిపోయింది. ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోయింది. 6 వేల ఏళ్లుగా సముద్రాన్ని కొల్లేటి నుంచి దూరం నెడుతూ వచ్చిన శక్తిని మనమే ఆపేశాం. సముద్రం పెరగడం వేరే లెక్క.

పక్షుల విషయంలోనూ తొందరపడకూడదు. కొల్లేటి దగ్గర ఆరేడులో వేల సంఖ్యలో గూళ్లు పెట్టిన గూడబాతులు 1970లకే ఆ చోటు వదిలేశాయి. తరవాత ఆటపాకలో అటవీ శాఖ కృత్రిమంగా స్టాండ్లు కట్టి నీరు నిలిపితే వచ్చి గూళ్లు పెట్టాయి. గూటికి చోటు, మేతకు నీరు చూపిస్తే తిరిగొచ్చే పక్షిని వాతావరణం తరిమేసిందనడం కుదరదు.

ఇక నా తీర్పు. భూమి వేడెక్కడం నిజం. దానికి మనిషి కారణమన్నది ఇప్పుడు సందేహించదగ్గ విషయం కాదు. డెల్టాలో ఉక్కపోత, కుండపోత, సముద్రమట్టం అనే మూడింటిలో దాని చెయ్యి ఉంది, సాక్ష్యం బలం మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ తేడా. తుపానుల లెక్క ఇంకా తేలలేదు. కొల్లేరు కుంచించుకుపోవడం, చేప చావడం, ఏరు దారి మూసుకుపోవడం మన పనులు. రెండూ మనిషి చేసినవే అయినా ఆ మనుషులు ఒకరు కారు. గాలిలో పేరుకున్న కార్బన్‌లో పెద్ద వాటా సంపన్న దేశాలది. మన దేశంలో తలసరి విడుదల నేటికీ ప్రపంచ సగటులో సగం కన్నా తక్కువ. కొల్లేటి కట్టలు మాత్రం అమెరికావాడు వెయ్యలేదు. మొదటి బాకీ కోసం ప్రపంచ సభల్లో పోట్లాడాలి, రెండోదానికి జిల్లా కలెక్టరేట్‌లో జవాబు అడగాలి. ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని ఎగవేయడానికి వీల్లేదు.

కొల్లేరు పేరుతో ఇకమీదట ఏ పథకం ప్రకటించినా, రెగ్యులేటర్ అయినా, అభయారణ్యపు కాంటూరు తగ్గింపు అయినా, దెందులూరు, కైకలూరు, ఆకివీడు పాఠకులు ముందుగా రెండు అంకెలు అడగండి: ఉప్పుటేరులో నెలనెలా నీటి మట్టం ఎంత, ఉప్పదనం ఎంత. ఆ రెండూ పంచాయతీ బోర్డు మీద రాసి పెట్టమనండి.